కేఫ్ రేసర్ చేసి నడుం విరగ్గొట్టుకున్నా: నాన్న బుల్లెట్‌ని హాయిగా కూర్చునే పాతకాలపు బండిగా మార్చాలి

సీతాఫల్‌మండి సింగిల్ | 9 నవంబర్ 2025

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేవాణ్ణి, ఇదే మొదటి పోస్టు. తప్పు నాదే కాబట్టి తిట్లు ముందే ఒప్పుకుంటున్నా.

బండి 1996 బుల్లెట్ స్టాండర్డ్ 350, కాస్ట్ ఐరన్ ఇంజిన్, ఏపీ 10 నంబరు. నాన్న కొన్నది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపుకి రిటైరయ్యేదాకా దానిమీదే డ్యూటీకి వెళ్లారు. 2021లో ఆయన పోయారు. ఆ ఏడాది ఇంట్లోంచే పని, చేతిలో ఫోను, ఫోన్లో కేఫ్ రేసర్ (ముందుకి వంగి నడిపే పాత రేసు బండి పోలిక) వీడియోలు. ఊళ్లోనే ఒక కస్టమ్ షాపులో ఇచ్చేశా. కాస్క్యూట్ (హెడ్‌లైట్ చుట్టూ ఉండే బుర్ర) తీసేసి వేరే బండి టాప్ యోక్ (ఫోర్కు గొట్టాల్ని పైన పట్టే క్లాంపు) వేశారు, ఫోర్కు గొట్టాలకే బిగించే పొట్టి క్లిప్-ఆన్ హ్యాండిళ్లు పెట్టారు, ఫుట్ రెస్టులు వెనక్కి జరిపారు, సీటు బదులు పలక మీద ఒకటిన్నర అంగుళాల స్పాంజి. వెనక ఫ్రేమ్ లూప్ (సీటు చివర కింద ఉండే వంపు గొట్టం) కోసి పొట్టిగా వంచారు. వెనక మడ్‌గార్డ్ మాట అడక్కండి.

ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటుంది. ఉప్పల్ దాకా వెళ్లేసరికి మాత్రం రెండు అరచేతులూ తిమ్మిరెక్కుతాయి. నాకు 44. కిందటి నెల డాక్టరు ఎమ్మారై చూసి, "బండి మీద ఎలా కూర్చుంటారో ఒకసారి చూపించండి" అన్నాడు. కుర్చీలోనే వంగి చూపించా. నవ్వాడు. మా ఆవిడ నాలుగేళ్లుగా ఈ బండి ఎక్కలేదు, ఎక్కడానికి చోటుంటే కదా.

మార్చి 2026లో ఆర్సీ గడువు అయిపోతుంది. అదొకటి.

పూర్తిగా ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలన్న పట్టుదల లేదు. పాత ఆర్మీ బండి పోలికతో స్ప్రింగ్ సీటు, వెడల్పాటి హ్యాండిల్, గుండ్రటి మడ్‌గార్డులు ఉంటే చాలు. నడుం నొప్పి రాకూడదు. అరవై వేలు పక్కన పెట్టా. ఎక్కడ మొదలుపెట్టాలి?

---

గల్లీ మెకానిక్ | 9 నవంబర్

అన్నా, లూప్ కోసిర్రా? ఏ చేతులొచ్చినయో కోయనీకె. సీటు, హ్యాండిల్ అన్నీ తర్వాత. ముందుగాల కోసిన కాడ దగ్గరికెళ్లి నాలుగు ఫొటోలు పెట్టు. షాకబ్జర్ పైబోల్టు ఉంటది సూడు, ఆడికెంచి ఎన్ని ఇంచులు ఎనకకి కోసిర్రో టేపు పెట్టి కొలువు. బోల్టు దాటినంక కోస్తే పర్వాలే, అతికియ్యొచ్చు. బోల్టు మీద చెయ్యి వేసిర్రంటే మాత్రం కథ వేరే ఉంటది.

---

కొత్తగా వచ్చా | 9 నవంబర్

బ్రో, నా రెండు పైసలు. అమ్మేసి కొత్త క్లాసిక్ 350 తీసుకోండి. 2021 తర్వాత వచ్చిన 349 సీసీ ఇంజిన్‌లో బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది, వైబ్రేషన్ దాదాపు లేదు. సెల్ఫ్ స్టార్ట్, డిస్కు, ఏబీఎస్ అన్నీ ఉన్నాయి. చూడ్డానికీ మీకు కావాల్సిన లుక్కే. అరవై వేలు డౌన్ పేమెంట్ కడితే మిగతాది ఈఎంఐ.

---

సీతాఫల్‌మండి సింగిల్ | 10 నవంబర్

@గల్లీ మెకానిక్: ఫొటోలు పెట్టాను. బోల్టు సెంటర్ నుంచి నాలుగున్నర అంగుళాలు వదిలి కోశారు. బతికానా?

@కొత్తగా వచ్చా: మీరన్నది సబబే తమ్ముడూ, ఆఫీసు కొలీగ్ బండి నడిపి చూశా, నిజంగానే మెత్తగా ఉంది. కానీ ఇది అమ్మితే మా అమ్మ నాతో మాట్లాడదు. కోసినందుకే ఇప్పటికీ సరిగ్గా మాట్లాడటం లేదు.

---

గల్లీ మెకానిక్ | 10 నవంబర్

బతికినవ్. షాకబ్జర్ మౌంటు ముట్టలే.

---

పాత ఇనుము | 11 నవంబర్

నాయనా, బాలానగర్‌లో లేత్ పట్టి ముప్పై ఏళ్లు నడిపాను, ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోక ఇంట్లో కూర్చున్నా. అందుకే రాయడానికి తీరిక. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదువు.

సౌకర్యంగా కూర్చోవడం అంటే మెత్తగా కూర్చోవడం కాదు. సీటు, ఫుట్ రెస్టు, హ్యాండిల్, ఈ మూడు చోట్లే నీ ఒళ్లు బండికి తగులుతుంది. మూడింటి మధ్య దూరాలే అసలు లెక్క. నువ్వు చేయించిన పనిలో బరువంతా ముంజేతుల మీదికి వచ్చింది. ఇప్పుడు కోపంకొద్దీ హ్యాండిల్ గడ్డం దాకా లేపితే ఆ బరువంతా తిరిగి నడుం అడుగు ఎముక మీద పడుతుంది. నిటారుగా కూర్చున్నవాడికి గుంత తగిలితే ఆ దెబ్బ తిన్నగా వెన్నులోకే. కొద్దిగా, చాలా కొద్దిగా ముందుకి వాలాలి. మోచేతులు సడలి ఉండాలి. చేతులు హ్యాండిల్ మీద ఆనాలి గానీ వేలాడకూడదు, నొక్కకూడదు.

కొలత ఎలా తీస్తావంటే: బండిని సెంటర్ స్టాండ్ మీద వేసి, పలక సీటు తీసి, రెండు మూడు దుప్పట్లు మడిచి కట్టు. ఒక వెదురు కర్రని హ్యాండిల్‌లాగా ఇద్దరు మనుషుల చేత పట్టించి పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ జరిపించు. ఎక్కడ భుజాలు వాటంతట అవే దిగుతాయో అక్కడ గుర్తు పెట్టు. ఫుట్ రెస్టులు పాత చోటికే తీసుకురా, ఆ చోటు రెడిచ్ వాళ్లు (ఇంగ్లండ్‌లో బుల్లెట్ పుట్టిన ఫ్యాక్టరీ వాళ్లు) తెలివిగానే పెట్టారు. మీ నాన్నగారు అన్నేళ్లు నడిపారంటే ఊరికే కాదు.

ఇక స్ప్రింగ్ సీటు. అది వద్దు అంటాను. ఎందుకంటే ఆ సీటు పుట్టింది వెనక షాకబ్జర్లే లేని కాలంలో. ఫ్రేమ్ బిగుసుకుని ఉండేది, కాబట్టి సీటు కింద స్ప్రింగులే దిక్కు. బుల్లెట్‌కి 1949 నాటికే వెనక స్వింగ్ ఆర్మ్ వచ్చేసింది. స్ప్రింగుకి అణిచే సరంజామా ఏదీ ఉండదు, షాకబ్జర్‌లో నూనె ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర షాకబ్జర్ దిగుతుంటే సీటు లేస్తుంది, అది లేస్తుంటే ఇది దిగుతుంది. నీకు నడుం నొప్పి ఉందంటున్నావు. ఆలోచించుకో.

---

యెజ్డీ బాబాయ్ | 11 నవంబర్

పెద్దాయన మాట మీద మాట అనకూడదుగానీ, స్ప్రింగ్ సీటుని మరీ అంత తీసిపారేయొద్దండీ. మా కూకట్‌పల్లిలో ఒకాయన ఆర్మీ వేలంలో కొన్న బుల్లెట్ నడుపుతాడు. ఆ స్ప్రింగులు బొటనవేలంత లావు, అర అంగుళం కూడా దిగవు. మీరంటున్నది ఆన్‌లైన్లో అమ్మే సన్న స్ప్రింగుల గురించి. అవి సైకిల్ సీటుకి కూడా పనికిరావు, ఒప్పుకుంటా.

హ్యాండిల్ విషయంలో మాత్రం వారు చెప్పింది నూటికి నూరు. నా యెజ్డీ రోడ్‌కింగ్‌కి ఒకప్పుడు బాగా ఎత్తున్న హ్యాండిల్ వేయించాను. కొమ్ములున్న ఎద్దులా ఉండేది. విజయవాడ హైవేలో ఎనభై మీద గాలంతా ఛాతీకే. చౌటుప్పల్ చేరేసరికి చేతులు గుంజేసి, హ్యాండిల్ పట్టుకుని నేను వేలాడుతున్నానో, నన్ను పట్టుకుని అది వేలాడుతోందో తెలియలేదు. మర్నాడే పీకించేశా. యెజ్డీలు చేసిన మైసూరు ఫ్యాక్టరీ మూతపడి 30 ఏళ్లు కావస్తున్నా నా బండికి సామాన్లు దొరుకుతున్నాయి, మీ బుల్లెట్‌కి దొరక్కపోవడమేమిటి? దిగులు పడకండి.

---

గల్లీ మెకానిక్ | 11 నవంబర్

బాబాయ్ నీ బండి పొగకి మా గల్లీల దోమలు పోయినయ్ పో 😄

---

యెజ్డీ బాబాయ్ | 11 నవంబర్

టూ-స్ట్రోక్ పొగ అగరుబత్తి లాంటిదయ్యా, నీకేం తెలుసు.

---

కుట్టు మిషన్ | 12 నవంబర్

సీటు సంగతి వచ్చింది కాబట్టి నేను మాట్లాడాలి. మాది సీట్లు కుట్టే షాపు, మా నాన్న స్కూటర్ సీట్లతో మొదలుపెట్టాడు.

చాలామంది సోఫా స్పాంజి తెచ్చి "ఇది పెట్టు, మెత్తగా ఉంది" అంటారు. షాపులో నొక్కి చూస్తే మెత్తగానే ఉంటుంది. పావుగంట కూర్చుంటే అడుగు పలక తగులుతుంది. ఫోమ్‌కి డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. 40 డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ 40 కిలోలు తూగుతుందని, అంతే. డెన్సిటీ తక్కువైతే కొన్నాళ్లకే కుంగిపోతుంది.

నేను వేసేది ఇలా: పలక మీద చిప్ ఫోమ్ ఒక పొర. ముక్కలు ముక్కలుగా రంగురంగులుగా ఉండి గట్టిగా ఉంటుంది, అదే. దానిమీద 40 డెన్సిటీ పొర. అన్నిటికన్నా పైన అర అంగుళం మెత్తటి పొర, అది ఒంటికి కాదు, మనసుకి. రెక్సిన్ మరీ బిగించి లాగితే కింద ఎంత మంచి ఫోమ్ ఉన్నా డోలు మీద కూర్చున్నట్టే.

వెడల్పు మరిచిపోకండి. కూర్చునే ఎముకలు రెండూ పూర్తిగా సీటు మీదికి రావాలి, లేకపోతే బరువంతా తొడ కండ మీద పడి కాళ్లు మొద్దుబారతాయి. కానీ ముందువైపు ట్యాంకు దగ్గర వెడల్పు ఉంచితే కాళ్లు నేలకి అందవు. ముందు సన్నగా, వెనక వెడల్పుగా గీయించాలి. మీ ఎత్తెంత అన్నా?

---

సీతాఫల్‌మండి సింగిల్ | 12 నవంబర్

అయిదడుగుల ఆరు. మా ఆవిడ అయిదడుగుల రెండు, ఆమె నడపదులెండి.

---

వెనక సీటు | 13 నవంబర్

ఆమె నడపదు సరే, కూర్చోవాలి కదండీ! ఈ చర్చ మొత్తం చదివాను. అయిదుగురు మగవాళ్లు హ్యాండిల్ గురించీ ఫోమ్ గురించీ రాశారు, వెనక కూర్చునే మనిషి గురించి ఒక్కరంటే ఒక్కరు రాయలేదు.

మావారి బుల్లెట్ మీద ఇరవై రెండేళ్లుగా వెనక కూర్చుంటున్నా, అందులో సగం చీరలో ఒకవైపు కూర్చునే. నాకు తెలిసింది చెబుతా. ఆర్మీ స్టైల్ అని వెనక చిన్న గుండ్రటి మెత్త విడిగా పెడతారు చూశారా, అది బస్తా వేసుకోవడానికి పనికొస్తుంది. బ్రేకు కొడితే ముందుకి జారతాం, గేరు వేస్తే వెనక్కి. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఆ మెత్త కూడా సరిగ్గా చక్రం ఇరుసు మీదో, ఇంకా వెనకో ఉంటుంది, గుంతలన్నీ మాకే.

పొడుగు సీటు పెట్టించండి. వెనక మనిషి షాకబ్జర్ బోల్టుకి ముందే ఉండేలా చూడండి. ఎడమ పక్క చీర గార్డు, పాదం మొత్తం ఆనే ఫుట్ రెస్టు, చేతికి గట్టి పట్టీ. ఆవిణ్ణి అడగండి ముందు, "నువ్వు యాదగిరిగుట్ట దాకా ఎలా కూర్చుంటావు" అని.

---

పాత ఇనుము | 13 నవంబర్

అమ్మా, చెంప మీద కొట్టినట్టు చెప్పావు. నేను ముందే రాయాల్సింది.

---

బ్లాక్ కోట్ | 14 నవంబర్

ఆర్సీ ప్రశ్న ఎవరూ ముట్టలేదు. వృత్తి నల్ల కోటు, కాబట్టి ఈ ఒక్కటీ నాకు వదిలేయండి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సవరణలో 182ఎ(4) వచ్చింది: ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మీరు ఫ్రేమ్ కోయించారు. అది స్టిక్కరు అంటించడం లాంటిది కాదు.

సోదరి చెప్పిన చీర గార్డు కూడా సరదా కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చదవండి. వెనక కూర్చునేవారికి చేతి పట్టు, ఫుట్ రెస్టు, వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలి, బట్టలు చిక్కుకోకుండా. మీ కేఫ్ రేసర్‌లో ఈ మూడింట్లో ఒకటైనా ఉందా?

15 ఏళ్లు దాటాక రెన్యువల్ అయిదేళ్లకోసారి. ఫీజు 2022 ఏప్రిల్‌లో 1000 చేశారు, 20 ఏళ్లు దాటిన టూ-వీలర్లకి 2025 ఆగస్టులో 2000 అయింది. గ్రీన్ ట్యాక్సు వేరే. బండిని అసలు రూపానికి దగ్గరగా తెచ్చి, నిజాయితీగా చూపించి చేయించుకోండి. రంగు మారిస్తే ఆర్సీలో రాయించాలి. ఫ్రేమ్ నంబరు దగ్గర మాత్రం వెల్డింగ్ కాదు కదా, ఎమెరీ కాగితం కూడా తగలనివ్వకండి. నంబరు చెరిగితే ఆ తర్వాత మీరు ఏం చెప్పినా దొంగబండే.

ఎవరో ఒకరు "వింటేజ్ కింద రిజిస్టర్ చేయించు" అంటారు, ఇప్పుడే చెబుతున్నా: 2021 నిబంధనల ప్రకారం దానికి బండి వయసు 50 దాటాలి, పైగా రోజూ తిప్పడానికి వీల్లేదు.

---

కొత్తగా వచ్చా | 14 నవంబర్

సర్ నేను అదే రాయబోతున్నా 🙈 పోనీ ఫ్యాట్ టైర్ వేయొచ్చా? వెనక 120 వేస్తే కుషనింగ్ వస్తుంది కదా.

---

గల్లీ మెకానిక్ | 14 నవంబర్

తమ్మీ, స్టాండర్డుకి 3.25-19 టైరు ఉంటది. 120 వేస్తే ఒక పక్క చైన్‌కి రాస్తది, ఇంకో పక్క మడ్‌గార్డుకి రాస్తది. సన్న రిమ్ముకి లావు టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి ముడుచుకొని గుండ్రంగ అయితది, మలుపు కాడ బండి పడుకుంటది నీతోటి. కుషనింగ్ కావాల్నంటే గాలి సక్కగ కొట్టించు. పెట్రోల్ బంకుల పోరగాళ్లు ముందూ వెనకా ఒక్కతీరుగ నలభై కొట్టి పంపుతరు. బండి రాయి లెక్క ఐతది. ముందుకి వెనకకన్న తక్కువ ఉండాలె, పుస్తకం జూసి కొట్టించు. పైసా ఖర్చు లేని సస్పెన్షన్ అది.

సింగిల్ అన్నా, నా లెక్క జెప్తున్న. పైసలు మొదలు ఈడ పెట్టు: లూప్ అతుకు, ముందు ఫోర్కు బుష్‌లు, ఆయిల్ సీళ్లు, ఫోర్క్ ఆయిల్, కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే కాడ బేరింగులు), స్వింగ్ ఆర్మ్ బుష్, వెనక షాకబ్జర్లు. ఇయ్యి సక్కగ లేకుంట వెయ్యి రూపాయల ఫోమ్ వేసినా, పది వేల సీటు వేసినా ఒక్కటే. మెరిసేటియి మల్ల జూద్దాం.

---

సీతాఫల్‌మండి సింగిల్ | 23 నవంబర్

పని మొదలైంది. ఆదివారం పొద్దున్నే ఎర్రగడ్డ సంతకి వెళ్లా. కాస్క్యూట్ కోసం. తెలియనివాళ్ల కోసం: బుల్లెట్ హెడ్‌లైట్ చుట్టూ ఉండే ఆ అల్యూమినియం బుర్ర ఊరికే కవరు కాదు. ఫోర్కు గొట్టాలు పైన అందులోకే బిగుస్తాయి, హ్యాండిల్ క్లాంపు దానిమీదే, అమ్మీటరు, స్పీడోమీటరు, రెండు టైగర్ లైట్లు అందులోనే. అంటే అది లేకుండా మామూలు హ్యాండిల్ పెట్టలేం. నా అసలుది షాపువాడు "పాత సామాను" కింద ఎక్కడికో పంపేశాడు.

ఎర్రగడ్డలో ఒకటి దొరికింది, ఎడమ టైగర్ లైటు దగ్గర పగులు. పుట్లిబౌలి వెళ్తే కొత్తవి మూడు రకాలు చూపించారు. చేతిలో పట్టుకుంటే తేడా తెలుస్తోంది, ఒకటి మరీ తేలిక. రాణిగంజ్‌లో ఒక ముసలాయన నా ముఖం చూసి లోపలికెళ్లి గోనెసంచిలోంచి పాతది తీశాడు. రంగు పోయింది, పగుళ్లు లేవు. ఆయన చెప్పిన ధర విని నీళ్లు అడిగి తాగాను. చివరికి ఇద్దరం చెరో మెట్టు దిగాం.

ఇంటికి తీసుకొస్తే మా అమ్మ కొంగుతో తుడిచింది. ఏమీ అనలేదు.

---

పాత ఇనుము | 23 నవంబర్

మంచి పని చేశావు. పగిలిన అల్యూమినియం జోలికి పోకు, ఫోర్కు బరువంతా మోసేది అదే. లూప్ అతికించేటప్పుడు గొట్టానికి గొట్టం మొహానికి మొహం పెట్టి అతికించమనకు. లోపలికి సరిగ్గా దూరే స్లీవ్ లేత్ మీద తీయించి, రెండు పక్కలా దూర్చి, అప్పుడు వెల్డింగ్. వెల్డింగ్ ముందు చక్రం, మడ్‌గార్డ్, సీటు అన్నీ ఒకసారి తగిలించి చూసుకోవాలి. అతికాక "అయ్యో పావు అంగుళం పక్కకి పోయిందే" అంటే నేను విననట్టు పడుకుంటా. బ్యాటరీ వైర్లు పీకెయ్యడం మరవకు.

---

సీతాఫల్‌మండి సింగిల్ | 14 డిసెంబర్

లూప్ అయిపోయింది. బాలానగర్‌లోనే, పాత ఇనుము గారి శిష్యుడి లేత్ దగ్గర. ఫీజు తీసుకోవడానికి అతను ఒప్పుకోలేదు, మీరు ఫోన్ చేసి చెప్పారట. చెప్పకుండా చేస్తారా ఇలా?

కొలతలు వెదురు కర్రతోనే తీశాం. మా బావమరిది ఒక చివర, అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఒక చివర పట్టుకున్నారు. తేలింది ఏమిటంటే, నాకు హాయిగా ఉన్న చోటు పాత స్టాండర్డ్ హ్యాండిల్ కన్నా ఒక్క అంగుళం ఎత్తు, అంగుళంన్నర వెనక్కి. అంటే నాన్న బండి నాకు దాదాపు సరిపోయేదే. ఒక్క అంగుళం కోసమా ఇదంతా అనిపించింది.

స్ప్రింగ్ సీటు ఆశ వదులుకున్నా. యెజ్డీ బాబాయ్ క్షమించాలి. మా ఆవిడకి "వెనక సీటు" గారి పోస్టు చదివి వినిపించాను. "ఆవిడ నంబరు తీసుకో" అంది.

షాకబ్జర్ల దగ్గర కాసేపు ఆగాను. షాపులో అంగుళం పొడుగున్న గ్యాస్‌వి చూపించి "స్టైల్ వస్తుంది" అన్నాడు. వేయనా?

---

గల్లీ మెకానిక్ | 14 డిసెంబర్

వద్దు. ఒక బోల్టు నడిమిట్ల నుంచి ఇంకో బోల్టు నడిమి దాకా పాతయి ఎంత పొడుగుంటే గంతే తేవాలె. ఎనక లేస్తే ముందు తలకాయ కిందికి వడ్తది, హ్యాండిల్ తేలికై వొణుకుతది, సెంటర్ స్టాండు నేలకి అందది. నీకు సీటు గూడ ఎత్తయితది, అయిదున్నర అడుగులోనివి.

---

సీతాఫల్‌మండి సింగిల్ | 11 జనవరి 2026

పరువు పోయే సంగతి ఒకటి చెబుతున్నా, నవ్వుకోండి.

హ్యాండిల్ ఎత్తు పెరిగింది, పాత కేబుళ్లే వేశాను. క్లచ్ కేబుల్ అందింది, యాక్సిలరేటర్‌దీ అందినట్టే ఉంది. స్టాండు మీద అంతా బాగుంది. గల్లీలో యూ-టర్న్ తీసుకుందామని హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పేసరికి ఇంజిన్ దానంతట అదే గొంతెత్తింది. కేబుల్ బిగుసుకుని లాగేసింది. బండి కిరాణా షాపు ముందున్న కొబ్బరిబోండాల గుట్టలోకి. నాకేం కాలేదు, నాలుగు బోండాల డబ్బు ఇచ్చి అవి అక్కడే తాగి వచ్చా.

కొత్తవాళ్లెవరైనా హ్యాండిల్ మారిస్తే, ఇంజిన్ నడుస్తుండగా ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి చూడకుండా బండి కదపొద్దు.

---

యెజ్డీ బాబాయ్ | 11 జనవరి

బోండాల గుట్ట! ఎంత అదృష్టవంతులండీ, నేనొకసారి చేపల బండిలోకి వెళ్లాను. అంగుళం ఎత్తు లేపినా కేబుళ్లు మూడూ పొడుగువి వేయాల్సిందే: క్లచ్, యాక్సిలరేటర్, ముందు బ్రేకు. వైరింగ్ కూడా కాస్క్యూట్ లోపల బిగుసుకుందేమో చూడండి.

---

పాత ఇనుము | 12 జనవరి

నవ్వు వచ్చిన మాట నిజం. ఇప్పుడు అడుగుతున్నా, డెబ్బై మీద చేతుల్లోకి అదురు ఎంత వస్తోంది? ఇంజిన్ మౌంటు బోల్టులు, హెడ్ దగ్గర పట్టీ అన్నీ బిగించావా? 70 మిల్లీమీటర్ల బోరు, 90 స్ట్రోకు ఉన్న ఒంటి సిలిండరుకి అదురు సహజం, అది పోదు. కానీ వదులు బోల్టు వల్ల వచ్చే అదురు వేరు, అది పళ్లలో తెలుస్తుంది.

---

సీతాఫల్‌మండి సింగిల్ | 12 జనవరి

మీరడిగాక చూశా. హెడ్ పట్టీ బోల్టు ఒకటి అసలు లేనే లేదు. నాలుగేళ్లుగా!

---

కుట్టు మిషన్ | 25 జనవరి

సింగిల్ అన్న నిన్న మా షాపుకి వదినతో కలిసి వచ్చాడు. నేను చేసిన వాటిల్లో ఇది ఇష్టమైన సీటు కాబట్టి రాస్తున్నా. చాక్‌పీసుతో గీసి, ఫోమ్ తగిలించి, రెక్సిన్ వేయకుండానే ఇద్దర్నీ అరగంట కూర్చోబెట్టాను. దిగాక ఫోమ్ మీద అచ్చు చూస్తే ఎక్కడ నొక్కుకుంటోందో తెలిసిపోతుంది. వదిన వైపు ఎడమ అంచు నొక్కుకుంది, ఒకవైపు కూర్చునే అలవాటు మరి. ఆ అంచు కింద చిప్ ఫోమ్ ఇంకొక పట్టీ వేశా. ముందు మూలలు చెక్కేశా, అన్న పాదాలు రెండూ ఆనుతున్నాయి. ముదురు గోధుమ రంగు రెక్సిన్, అంచు చుట్టూ తెల్ల పైపింగు.

---

సీతాఫల్‌మండి సింగిల్ | 15 ఫిబ్రవరి

బండి అయింది. ఫొటోలు కింద. నలుపు రంగే ఉంచాను, ఆర్సీలో ఉన్నదీ అదే. ట్యాంకు మీద బంగారు గీతలు ముషీరాబాద్‌లో లారీలకి బొమ్మలేసే ఒకాయన చేత్తో గీశాడు. బుల్లెట్లు తయారైన చెన్నై తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో కూడా చేత్తోనే గీసేవారని చెబితే, "మరి మెషిన్‌తో గీస్తారా" అని నా వైపు జాలిగా చూశాడు. ముందు డ్రమ్ము బ్రేకుకి కొత్త లైనర్లు. చీర గార్డు, పట్టీ, గుండ్రటి మడ్‌గార్డులు అన్నీ ఉన్నాయి బ్లాక్ కోట్ గారూ. ఖర్చు అరవై దాటింది, ఎంత దాటిందో ఇక్కడ రాయను, మా ఆవిడ ఇది చదువుతోంది.

ఇవాళ పొద్దున్నే చేవెళ్ల మర్రిచెట్ల కింద నుంచి మన్నెగూడ దాకా వెళ్లొచ్చాం. అరవై అరవై అయిదు మధ్యలో పోయాం. మొయినాబాద్ దాటాక గమనించాను, చేతులు తిమ్మిరెక్కలేదు. నడుం? ఇంటికొచ్చాక కాస్త పట్టింది, కానీ ఇది అంతసేపు కూర్చుంటే ఏ కుర్చీలోనైనా పట్టేదే. మా ఆవిడ వెనక కూర్చుని దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. నాలుగేళ్ల బాకీ.

దిగాక అమ్మని ఎక్కించి గల్లీ చివరిదాకా తిప్పాను. చేయి నా భుజం మీద వేసింది. సీటు తడిమి, "మీ నాన్న సీటు ఇంత మెత్తగా ఉండేది కాదురా" అంది. అది మెచ్చుకోలో, ఫిర్యాదో ఇంకా తేలలేదు.

---

వెనక సీటు | 15 ఫిబ్రవరి

ఫొటో చూశాను, ఫుట్ రెస్టు ఇంకొంచెం ముందుకి ఉండాల్సింది. అయినా పాస్ మార్కులు వేస్తున్నా. ఆవిణ్ణి అడిగానని చెప్పండి.

---

కొత్తగా వచ్చా | 15 ఫిబ్రవరి

బ్రో నిజం చెప్పాలంటే ఫొటో చూశాక మా తాతయ్య హీరో హోండా సీడీ 100 గుర్తొచ్చింది. సిరిసిల్లలో పశువుల కొట్టంలో ఉంది. కొత్త చర్చ పెట్టనా?

---

పాత ఇనుము | 15 ఫిబ్రవరి

పెట్టు. ఏదీ కోయకముందు పెట్టు.

---

సీతాఫల్‌మండి సింగిల్ | 16 ఫిబ్రవరి

ఒక చిన్న సాయం. ఎడమ వెనక ఫుట్ రెస్టు రబ్బరు నిన్న చేవెళ్ల, మన్నెగూడ మధ్యలో ఎక్కడో ఊడిపోయింది. అటు వెళ్లేవాళ్లకి కనిపిస్తే తెచ్చిపెట్టండి. లేదా విడిగా ఒక్కటే ఎక్కడ దొరుకుతుంది?

---

గల్లీ మెకానిక్ | 16 ఫిబ్రవరి

ఒక్కటి ఎవ్వడు అమ్మడు, జత తీస్కోవాలె. మా షాపుల ఉన్నయ్. ఎనక మడ్‌గార్డు బోల్టులు గూడ ఒకపారి బిగిస్త, రెండు వైసర్లు తక్కువున్నయ్ నీ ఫొటోల.